ప్లాట్లు, లోన్ల మెసేజ్‌లతో విసిగిపోయారా? ఒక్కరు బ్లాక్ చేస్తే చాలదు.. ఐదుగురు కలిసి 1909కి ఫిర్యాదు చేస్తే ఆ నంబర్‌కే చెక్!

మదీనాగూడ, హైదరాబాద్: ఫోన్ టింగ్‌మంటుంది. ఓటీపీ వచ్చిందేమో అని తీసి చూస్తే.. కొల్లూరులో ప్రీ లాంచ్ ఆఫర్. రెండు నిమిషాల తర్వాత ఇంకోటి. మీకు ఐదు లక్షల పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది, లింక్ నొక్కండి. సాయంత్రానికి రమ్మీ, డెంటల్ చెకప్, నీట్ కోచింగ్. వీటి మధ్యలో ఎక్కడో గ్యాస్ బుకింగ్ మెసేజ్, పిల్లల స్కూల్ మెసేజ్ మునిగిపోయి ఉంటాయి.

మదీనాగూడ లాంటి చోట ఈ బాధ ఇంకాస్త ఎక్కువే. మియాపూర్ మెట్రో స్టేషన్‌కి, చందానగర్‌కి మధ్యలో 65వ నంబర్ జాతీయ రహదారి పక్కనే ఉన్న ఏరియా ఇది. ఒకవైపు ఐటీ కారిడార్‌లో నెల జీతాలు తీసుకునే కుటుంబాలు. ఇంకోవైపు తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్, బాచుపల్లిల్లో లేస్తున్న టవర్లు. జీతం, సొంతింటి ఆలోచన రెండూ ఉన్న మనిషి ఫోన్ నంబర్ అంటే బిల్డర్ ఏజెంట్‌కీ కావాలి, లోన్ ఏజెంట్‌కీ కావాలి.. మోసగాడికీ కావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. మనం స్పామ్ అని ఒకే పేరు పెట్టి తిట్టుకునే మెసేజ్‌లు నిజానికి మూడు రకాలు. మూడింటినీ ఆపే దారి ఒకటి కాదు. ఒకదానికి వాడాల్సిన మందు ఇంకోదానికి వాడుతున్నాం కాబట్టే అవి ఆగడం లేదు.

హెడర్ చివర అక్షరం చూశారా?

ముందుగా మెసేజ్ పంపిన వాళ్ల పేరు ఉండే చోట చూడండి. కంపెనీలు, బ్యాంకులు పంపే మెసేజ్‌లకి పది అంకెల నంబర్ ఉండదు. రెండు అక్షరాలు, గీత, తర్వాత సంస్థ పేరు పొట్టిగా ఉంటుంది. దీన్నే హెడర్ అంటారు. మొదటి అక్షరం టెలికాం కంపెనీది, రెండోది సర్కిల్‌ది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఏపీ ఇప్పటికీ ఒకటే సర్కిల్ అన్నది వేరే సంగతి.

2025 మే నుంచి ఈ హెడర్ చివర ఇంకో గీత, ఇంకో ఇంగ్లిష్ అక్షరం కూడా వస్తున్నాయి. పి అంటే ప్రమోషన్, అంటే ప్రకటన. ఎస్ అంటే సర్వీస్. టి అంటే ట్రాన్సాక్షన్, బ్యాంకు ఓటీపీల్లాంటివి. జి అంటే గవర్నమెంట్. టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్ 2025 ఫిబ్రవరి 12న నిబంధనలు సవరించినప్పుడు తెచ్చిన మార్పు ఇది. చిన్న మార్పే కానీ సామాన్యుడికి బాగా పనికొచ్చేది. మెసేజ్ తెరవకుండానే అదేంటో తెలిసిపోతుంది. హెడర్ ఏ సంస్థదో అర్థం కాకపోతే ట్రాయ్ నడిపే ఎస్ఎంఎస్ హెడర్ పోర్టల్‌లో వెతికి చూసుకోవచ్చు.

అయితే అక్షరం ఉంది కదా అని గుడ్డిగా నమ్మేయొద్దు. నకిలీ టవర్‌లా పనిచేసే మెషీన్లతో చుట్టుపక్కల ఫోన్లకి దొంగ హెడర్‌తో మెసేజ్‌లు తోసే ముఠాలు చాలా దేశాల్లో పట్టుబడ్డాయి. హెడర్ ఏదైనా సరే, డబ్బు అడిగినా, యాప్ వేసుకోమన్నా ఆగాల్సిందే.

మొదటి రకం.. రిజిస్టరైన కంపెనీల ప్రకటనలు

చివర పి ఉన్నవన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటికి మందు డీఎన్‌డీ. మీ ఫోన్ నుంచి 1909కి మెసేజ్ పెట్టాలి. ఇంగ్లిష్‌లో స్టార్ట్ అనే పదం, ఒక స్పేస్, తర్వాత సున్నా. అంతే. మెసేజ్‌కి చార్జీ లేదు. టైప్ చెయ్యడం రాని పెద్దవాళ్లు అదే 1909కి కాల్ చేసి చెప్పొచ్చు, అది కూడా ఉచితమే. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనూ, మీ టెలికాం కంపెనీ యాప్‌లోనూ ఇదే ఆప్షన్ ఉంటుంది. వారం రోజులు చూడండి. ఒక ఇంట్లో నాలుగు సిమ్‌లు ఉంటే నాలుగింటికీ విడివిడిగా చెయ్యాలి, ఒకటి చేస్తే మిగతావాటికి వర్తించదు.

అన్నీ ఆపెయ్యడం ఇష్టం లేకపోతే కేటగిరీలు ఉన్నాయి. ఒకటి బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, క్రెడిట్ కార్డులు. రెండు రియల్ ఎస్టేట్. మూడు చదువులు. నాలుగు ఆరోగ్యం. ఆ తర్వాత వరసగా వినియోగ వస్తువులు, వాహనాలు, కమ్యూనికేషన్, వినోదం, టూరిజం, ఆహారం. ఇల్లు వెతుక్కుంటున్న వాళ్లు రియల్ ఎస్టేట్ ఒక్కటి ఉంచుకుని మిగతావి ఆపేసుకోవచ్చు. ఇలా విడివిడిగా ఎంచుకోవడానికి మెసేజ్ కన్నా యాప్ మేలు. ఏది ఆపుతున్నారో, ఏది ఉంచుతున్నారో కళ్ల ముందు కనపడుతుంది.

డీఎన్‌డీ పెడితే ఓటీపీలు రావేమో అన్న భయం చాలామందిలో ఉంది. అది తప్పు. డీఎన్‌డీ ఆపేది ప్రకటనలనే. బ్యాంకు లావాదేవీలు, ఓటీపీలు, రైలు టికెట్, ప్రభుత్వ మెసేజ్‌లు మామూలుగానే వస్తాయి. ఈ భయానికి ఒక కారణం ఉండొచ్చు. 2021 మార్చి 8న టెలికాం కంపెనీలు కొత్త ఫిల్టర్ ఆన్ చేసినప్పుడు దేశమంతా ఓటీపీలు నిలిచిపోయాయి. నెట్ బ్యాంకింగ్ నుంచి కార్డు చెల్లింపుల దాకా ఇరుక్కుపోయాయి. మర్నాడే దాన్ని వారం పాటు పక్కన పెట్టాల్సొచ్చింది. కానీ అది డీఎన్‌డీ వల్ల జరిగింది కాదు. బ్యాంకులు, కంపెనీలు తమ మెసేజ్ నమూనాలను ముందుగా రిజిస్టర్ చేసుకోకపోవడం వల్ల జరిగింది.

ఆ ఫిల్టర్ వెనకున్న కథలో హైదరాబాద్‌కీ వాటా ఉంది. 2018 జులైలో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం బల్క్ మెసేజ్‌లు పంపే ప్రతి సంస్థ తన పేరు, హెడర్, మెసేజ్ నమూనా అన్నీ ముందే నమోదు చేసుకోవాలి. ఈ చిట్టా ఒకరు దిద్దితే మిగతా వాళ్లకి తెలిసిపోయేలా బ్లాక్‌చెయిన్ తరహా టెక్నాలజీతో ఉండాలి. ఆ పనికి వాడే ప్లాట్‌ఫామ్‌లలో ఒకటైన ట్రూబ్లాక్‌ని తయారు చేసింది మాదాపూర్ హైటెక్ సిటీ రోడ్డులో ఉన్న తాన్లా ప్లాట్‌ఫామ్స్. మదీనాగూడ నుంచి పొద్దున్నే మాదాపూర్ వైపు ట్రాఫిక్‌లో కదిలే వాళ్లలో కొందరి ఉద్యోగమే ఈ మెసేజ్‌లు అటూ ఇటూ పంపించడం, వడకట్టడం అన్నమాట.

డీఎన్‌డీ ఉన్నా ఎందుకొస్తున్నాయి?

ఇది అందరూ అడిగే ప్రశ్న. చాలాసార్లు జవాబు మన చేతుల్లోనే ఉంటుంది. షాపింగ్ మాల్ బిల్ కౌంటర్‌లో నంబర్ చెప్పేస్తాం. లక్కీ డ్రా చీటీ నింపుతాం. యాప్ ఓపెన్ చెయ్యగానే వచ్చే టిక్కు గుర్తు చదవకుండా నొక్కేస్తాం. అదంతా అనుమతి కింద లెక్క. మీరు స్పష్టంగా అనుమతి ఇచ్చిన సంస్థ డీఎన్‌డీ ఉన్నా సరే మెసేజ్ పంపొచ్చు. 1909కి ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క కంపెనీ ఆగకపోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం. కొత్త నిబంధనల ప్రకారం ప్రకటన మెసేజ్‌లోనే ఇక వద్దు అని చెప్పే దారి చూపించాలి. మీరు వద్దన్నాక 90 రోజుల దాకా మళ్లీ అనుమతి అడగకూడదు. ఏదో కొనేటప్పుడు ఆ పని పూర్తవడానికి మాత్రమే మీరిచ్చిన అనుమతి ఏడు రోజులకే ముగిసిపోతుంది.

ఇంకో సంగతి. నంబర్ ఇస్తేనే బిల్ కొడతాం అని షాపు వాళ్లు పట్టుబట్టడం కుదరదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే ఈ మాట చెప్పింది. కౌంటర్ దగ్గర కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు, సిస్టమ్ ఒప్పుకోదు సార్ అనొచ్చు. నంబర్ ఇవ్వను అని మర్యాదగా చెప్పి నిలబడితే చాలాచోట్ల సిస్టమ్ ఒప్పుకుంటుంది.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. విసుగొచ్చి స్టాప్ అని టైప్ చేసి 1909కి పంపేస్తారు. 1909 దృష్టిలో స్టాప్ అంటే ప్రకటనలు ఆపమని కాదు, నా డీఎన్‌డీ తీసెయ్యండి అని! వద్దనుకున్న తలుపు మనమే బార్లా తెరిచినట్టు. స్టార్ట్ అంటే ఆపడం, స్టాప్ అంటే మొదలుపెట్టడం.. ఈ పేర్లు పెట్టిన వాళ్లకి దండం పెట్టాల్సిందే.

రెండో రకం.. పది అంకెల నంబర్ల గోల

హెడర్ లేదు, మామూలు మొబైల్ నంబర్ నుంచి వచ్చింది. ప్లాట్, లోన్, పార్ట్ టైమ్ జాబ్.. ఏదైనా కావచ్చు. రిజిస్టర్ చేసుకోకుండా మామూలు సిమ్ నుంచి ప్రకటనలు పంపడమే నిబంధనలకు విరుద్ధం. అందుకే వీటిని డీఎన్‌డీ ఫిల్టర్ పట్టుకోలేదు. ఫిల్టర్ ఉన్నది రిజిస్టరైన దారిలో, వీళ్లు వచ్చేది పక్క సందులోంచి.

మనలో చాలామంది చేసే పని నంబర్ బ్లాక్ చెయ్యడం. మీ ఫోన్ వరకు ఆ నంబర్ ఆగుతుంది, నిజమే. కానీ ఏజెంట్ దగ్గర ఇంకో సిమ్ ఉంటుంది. అదే మెసేజ్ పక్క ఫ్లాట్‌కీ, పై ఫ్లోర్‌కీ వెళుతూనే ఉంటుంది. ఆ నంబర్ మీద అసలు దెబ్బ పడాలంటే ఫిర్యాదు వెళ్లాలి.

ఫిర్యాదు చెయ్యడం ఇప్పుడు తేలికే. వచ్చిన మెసేజ్‌ని కాపీ చెయ్యండి, కామా పెట్టండి, పంపిన నంబర్ లేదా హెడర్ రాయండి, మళ్లీ కామా, వచ్చిన తేదీ రాయండి. 1909కి పంపండి. లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో ఆ మెసేజ్‌ని ఎంచుకుని రిపోర్ట్ నొక్కండి. గతంలో మూడు రోజుల్లోపే ఫిర్యాదు చెయ్యాలనేవారు, ఇప్పుడు ఏడు రోజుల టైమ్ ఉంది. ఇంతకుముందు డీఎన్‌డీలో పేరున్న వాళ్ల ఫిర్యాదే తీసుకునేవారు. ఇప్పుడు డీఎన్‌డీ లేకపోయినా తీసుకోవాలి. రిజిస్టర్ కాని వాళ్ల మీద చర్యకి ముప్పై రోజులు పట్టే గడువుని ఐదు రోజులకి తగ్గించారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇది. ఒక నంబర్ మీద చర్య తీసుకోవాలంటే ఒకప్పుడు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు రావాలి. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. మదీనాగూడ, దీప్తిశ్రీ నగర్, చందానగర్ వైపు అపార్ట్‌మెంట్లలో వాట్సాప్ గ్రూప్ లేని బ్లాక్ ఉండదు. మంచినీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, లిఫ్ట్ ఎందుకాగింది అని రోజూ మాట్లాడుకునే గ్రూపే అది. ఒకే ప్రీ లాంచ్ మెసేజ్ సాధారణంగా బ్లాక్ అంతా వస్తుంది. ఒక స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టి, అదే మెసేజ్ వచ్చిన ఐదు ఇళ్ల వాళ్లు ఎవరి ఫోన్ నుంచి వాళ్లు 1909కి పంపితే లెక్క పూర్తయినట్టే. ఒక్కరు ఐదుసార్లు పంపడం కాదు, ఐదుగురు ఒక్కోసారి పంపాలి.

తప్పు తేలితే మొదటిసారి ఆ మనిషి పేరు మీదున్న నంబర్లన్నిటికీ 15 రోజుల పాటు అవుట్‌గోయింగ్ ఆగిపోతుంది. మళ్లీ చేస్తే అన్ని టెలికాం కంపెనీల్లోనూ ఏడాది పాటు కనెక్షన్లు కట్. ఫోన్ మీదే బతికే ఏజెంట్‌కి ఏడాది అంటే మాటలు కాదు. స్పామ్ లెక్కలు తప్పుగా చూపించిన టెలికాం కంపెనీలకి కూడా మొదటిసారి 2 లక్షలు, తర్వాత 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షల రూపాయల జరిమానా ఉంది.

రియల్ ఎస్టేట్ మెసేజ్ అయితే ఇంకో తలుపు కూడా తట్టొచ్చు. 2016 రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం, రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టుకి ఆ రిజిస్ట్రేషన్ కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. ప్రీ లాంచ్ అంటే చాలాసార్లు అర్థం ఇంకా రెరా నంబర్ రాలేదనే. మెసేజ్‌లో నంబర్ లేకపోతే ఆ స్క్రీన్‌షాట్ తెలంగాణ రెరాకి ఫిర్యాదు చెయ్యడానికి పనికొస్తుంది. తక్కువ రేటుకి వస్తోంది కదా అని ప్రీ లాంచ్‌లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి తిరుగుతున్న కుటుంబాలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. కాబట్టి ఇది కేవలం విసుగు వ్యవహారం కాదు.

మూడో రకం.. మోసం మెసేజ్‌లు

వీటికి డీఎన్‌డీ పనికిరాదు, స్టాప్ అని జవాబివ్వడం అసలే వద్దు. జవాబిస్తే ఈ నంబర్ బతికే ఉంది, మెసేజ్‌లు చదివే మనిషి ఉన్నాడు అని మనమే చెప్పినట్టు.

ఈ రాత్రికి మీ కరెంట్ కట్ చేస్తాం, ఈ నంబర్‌కి కాల్ చెయ్యండి అనే మెసేజ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. చలాన్ల కథ ఇంకా దగ్గరిది. 2023 డిసెంబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలాన్ల మీద రాయితీ ప్రకటించింది. టూ వీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం. జనం ఎగబడి కట్టారు. ఆ హడావుడిలోనే అచ్చం పోలీసు వెబ్‌సైట్‌లా ఉండే నకిలీ సైట్ పుట్టుకొచ్చింది, జాగ్రత్త అని పోలీసులే చెప్పాల్సొచ్చింది. తేడా ఎక్కడంటే చిరునామా చివర. ప్రభుత్వ సైట్‌కి జీవోవీ డాట్ ఇన్ ఉంటుంది, దొంగ సైట్‌కి ఉండదు. ఆ తర్వాత చలాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు మొదలయ్యాయి. ఫైల్ నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, అంటే మీ ఓటీపీలు అవతలి వాడు చదువుతుంటాడు.

2024 అక్టోబర్ 1 నుంచి, ముందుగా నమోదు చెయ్యని లింకులున్న కమర్షియల్ మెసేజ్‌లను టెలికాం కంపెనీలు ఆపేస్తున్నాయి. మెసేజ్ ఎవరి నుంచి ఎవరి చేతులు మారి వచ్చిందో కనిపెట్టే ఏర్పాటు అదే ఏడాది డిసెంబర్ 11 నుంచి అమల్లోకొచ్చింది. దాంతో హెడర్ మెసేజ్‌లలో దొంగ లింకులకు దారి ఇరుకైంది. మోసగాళ్లు వాట్సాప్‌కి, మామూలు నంబర్లకి మళ్లుతున్నారు.

మోసం అనుమానం ఉండి డబ్బు పోకపోతే సంచార్ సాథీ పోర్టల్ లేదా యాప్‌లో చక్షు అనే విభాగం ఉంది. 2024 మార్చిలో మొదలైంది. గత 30 రోజుల్లో వచ్చిన మెసేజ్, కాల్, వాట్సాప్ ఏదైనా స్క్రీన్‌షాట్‌తో రిపోర్ట్ చెయ్యొచ్చు. డబ్బు పోతే మాత్రం చక్షు కాదు, 1909 కాదు. వెంటనే 1930. మొదటి గంటలో చెబితే డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. పోలీస్ స్టేషన్ హద్దు మియాపూరా, చందానగరా అని తర్జనభర్జన పడే టైమ్ కాదది.

ఫోన్‌లో చేసుకోవాల్సింది

ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో స్పామ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్‌లో తెలియని వాళ్ల మెసేజ్‌లను వేరే చోటికి తోసే ఫిల్టర్ ఉంది. మన దేశంలో అది లావాదేవీలు, ప్రమోషన్లు అని కూడా విడదీస్తుంది. ఎయిర్‌టెల్ 2024 సెప్టెంబర్ నుంచి అనుమానమున్న మెసేజ్‌లు, కాల్స్‌కి స్పామ్ అని ముద్ర వేస్తోంది. మెసేజ్‌లు శుభ్రం చేస్తామంటూ వచ్చే ముక్కూ మొహం తెలియని యాప్‌లకి మాత్రం ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇవ్వకండి. దొంగ భయానికి దొంగకే తాళం ఇచ్చినట్టవుతుంది.

బొమ్మలు, బటన్లతో రంగురంగుల్లో వచ్చే మెసేజ్‌లు ఎస్ఎంఎస్‌లు కావు, ఆర్‌సీఎస్. ఇంటర్నెట్ మీద వస్తాయి కాబట్టి ఎస్ఎంఎస్ డీఎన్‌డీని నమ్ముకుంటే అవి ఆగవు. ఈ గోల ఎంత ముదిరిందంటే 2022లో గూగులే మన దేశంలో వ్యాపార ప్రకటనల ఆర్‌సీఎస్‌ని కొన్నాళ్లు ఆపింది. వద్దనుకుంటే మెసేజెస్ సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ ఆఫ్ చెయ్యొచ్చు. వాట్సాప్ ప్రకటనలూ అంతే, అక్కడే బ్లాక్ అండ్ రిపోర్ట్ నొక్కాలి.

కొత్త సిమ్‌కి పాత మనిషి మెసేజ్‌లు

ఉద్యోగానికి కొత్తగా వచ్చి ఇక్కడ సిమ్ తీసుకున్న వాళ్లకి ఇంకో తలనొప్పి. ఎవరో తెలియని మనిషి పేరుతో ఈఎంఐ కట్టలేదని, బ్యాలెన్స్ ఇంత అని మెసేజ్‌లు. ఇది స్పామ్ కాదు. వాడకుండా వదిలేసిన నంబర్‌ని కనీసం 90 రోజులాగి టెలికాం కంపెనీలు ఇంకొకరికి ఇస్తాయి. పాత యజమాని బ్యాంకులో నంబర్ మార్చుకోకపోతే ఆయన మెసేజ్‌లు మీకొస్తాయి. డీఎన్‌డీకి ఇవి చిక్కవు. మెసేజ్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా, ఆ బ్యాంకు అసలు వెబ్‌సైట్‌లో ఉన్న కస్టమర్ కేర్‌కి కాల్ చేసి ఈ నంబర్ ఇప్పుడు నాది, ఆ ఖాతా నుంచి తీసెయ్యండి అని చెప్పాలి. ఊరెళ్లిపోతూ ఇక్కడి సిమ్ వదిలేస్తున్న వాళ్లు ఆ పని ముందే చేసుకోవాలి. బ్యాంకు, ఆధార్, వాట్సాప్.. మూడింట్లోనూ నంబర్ మార్చాకే సిమ్ పక్కన పెట్టాలి.